పదికి పది కషాయం

తెల్లవారింది. సన్నగా ముసురు పడుతోంది. రాజవైద్యుడు వేదగిరి, రాజుగారి ఎదుట శిష్యులకు పరీక్ష పెట్టాడు.

శిష్యులు కషాయం కాచి, తమకు పదికి ఎంత వస్తుందో ముందు తామే చెప్పాలి. గురువు వేసిందానికంటే ఎక్కువ చెబితే పొగరని ఊరు దాటిస్తారు. ఆయన ఎవరికీ రెండు దాటి వేయడు.

మూలికలు నూరే పోలమ్మ పిల్లలు ముగ్గురూ ఈసారి వరుసలో ఉన్నారు. గిన్నెలు అందించేది ఆమే. మొదటిది అందించింది.

"ఇది కాచినవారు పదికి పది వేసుకున్నారు స్వామీ."

వేదగిరి ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"పదా! ఎనిమిది వంతుల నీళ్లు ఒక వంతయ్యేదాకా మరగాలి. ఇది సగానికైనా రాలేదు. ఒకటి కూడా దండగ! ఎవడే వాడు? ఇప్పుడే ఊరు దాటించండి!"

భటులు కదిలారు.

"తమరే స్వామీ. ఇందాక రాజుగారి దగ్గుకు పంపుతూ పదికి పది అన్నారుగా. గిన్నెలో మిగిలింది తెచ్చాను."

రాజుగారు నవ్వబోయి దగ్గారు, దగ్గుతూనే నవ్వారు.

"మూడు రోజులుగా ఈ దగ్గెందుకు తగ్గలేదో తెలిసిందయ్యా! ఊరు దాటుతావా, పద్ధతి మారుస్తావా?"

"మారుస్తాను ప్రభూ! తప్పు చేస్తే నేర్పుతాను, వెళ్లగొట్టను."

సాయంత్రం పోలమ్మ గుమ్మంలో నిలబడి లోపలికొచ్చే తలలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. హమ్మయ్య అనుకునేలోగా తడిసిన తలపాగా ఒకటి లోపలికి వంగింది, వేదగిరిది.

"పోలమ్మా, ఎంత మంట పెట్టాలో ఒకసారి చూపిస్తావా?"

"నాలుగు," అని లెక్కపెట్టిందామె.