గుల్లయ్య తవ్విన తేటనీళ్ల బావి

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవనుకున్నారర్రా! ఈ చివర ఒకరు తుమ్మితే, ఆ చివరివాళ్లు "చిరంజీవ" అనడానికి మూడు రోజులు పట్టేది.

ఆ అడవిలో గుల్లయ్య అనే అలుగు ఉండేవాడు. అలుగంటే తెలుసుగా? ముక్కు నుంచి తోక దాకా ఒళ్లంతా పెంకులే. పొట్ట ఒక్కటే మెత్తన. భయమేసినా, కోపమొచ్చినా, సిగ్గేసినా బంతిలా చుట్టుకుపోతాడు. నేల తవ్వడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు.

ఒక ఏడు వాగు ఎండిపోయింది. గుల్లయ్య గోళ్లు చాచి బావి తవ్వాడు. ఎంత లోతు? పదిహేడు తాటిచెట్లంత! అందులో రాయి వేసి, ఇంటికెళ్లి భోంచేసి, ఒక కునుకు తీసి వస్తే, అప్పుడు వినబడేది "బుడుంగ్" అని.

నీళ్లు ఎలా ఉన్నాయో చూడడానికి ముగ్గురు వచ్చారు. అడవిపంది బోడయ్య వాసన చూశాడు. "చెడు వాసన లేనే లేదు!" అన్నాడు. గద్ద కళ్లు చికిలించి చూసింది. "నలుసైనా లేదు!" అంది. కోతి చెంగమ్మ గుటకేసి చూసింది. "అబ్బ, కొబ్బరినీళ్లేనర్రా!" అంది.

అంతే! అడవంతా గుల్లయ్యను నెత్తిన పెట్టుకుంది. పాలు మానిన ప్రతి పిల్లకీ తొలి గుక్క గుల్లయ్య చేత్తోనే తాగించాలని ఆచారం కూడా పెట్టేశారు.

మూడు వేసవులు గడిచాయి. బోడయ్య ఒంటి మీద నల్లమచ్చలు, మధ్యమధ్య తెల్లచుక్కలు లేచాయి. వాడు మురిసిపోయాడు.

"చూశారా, నేను జింకనైపోతున్నా! ఇక కొమ్ములు రావడమే తరువాయి!" అంటూ రోజుకు నాలుగొందల సార్లు నెత్తి తడుముకునేవాడు.

చెంగమ్మ అరచేతులు గట్టిపడి గరుకెక్కాయి. ఒకరోజు కొమ్మ పట్టు తప్పి, దబ్బున బోడయ్య వీపు మీద పడింది.

"వదినా, నేను జింకను, మంచాన్ని కాదు!" అన్నాడు బోడయ్య.

గుల్లయ్యకూ మచ్చలు వచ్చాయి. ఎక్కడ? ఆ మెత్తని పొట్ట మీద! "ఈ నీళ్ల వల్లేనేమో" అని అతని మనసు పీకింది. కానీ బయటికి చెబితే బావి పరువు ఏం కాను? చప్పుడు చేయకుండా చుట్టుకుని పడుకున్నాడు. అలా ఒక ఏడాది దాచాడు.

అప్పుడు వచ్చింది తాబేలు నాగరత్నమ్మ. బావి తవ్విన రోజు విందుకు పిలిస్తే అప్పుడే బయలుదేరింది పాపం, ఇప్పటికి చేరింది. వస్తూనే బోడయ్యను ఎగాదిగా చూసింది.

"ఒరే, నువ్వు జింకవి కాదురా, రోగివి!" అంది. "మా కాలవ ఒడ్డున మనుషుల ఊరుంది. వాళ్ల బోరు నీళ్లూ ఇలాగే అద్దంలా ఉండేవి. ఏళ్ల తరబడి తాగారు. ఒంటి మీద ఇవే మచ్చలు, అరచేతుల్లో ఇదే గరుకు. కొందరికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయి. ఇద్దరికి కేన్సర్ కూడా వచ్చింది. నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపితే, నేల లోపలి రాళ్లలోంచి పాషాణం దిగిందని తేలింది. ఆర్సెనిక్ అంటారట. కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు, నాలుకకు అందదు. కాచినా పోదు. తాగకూడదన్న గుర్తుగా ఆ బోరుకు ఎర్రరంగు పూసి, తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకున్నారు. ఇక్కడ ఈ బావినీళ్లు తాగనివాళ్లెవరైనా ఉన్నారా?"

"కొండమేకలున్నాయి. కొండ మీద నిలిచిన వాననీళ్లు తాగుతాయి" అంది చెంగమ్మ.

"వాటికి మచ్చలున్నాయా?"

"ఒక్కదానికీ లేవు."

గుల్లయ్యకు కోపం ముంచుకొచ్చింది. "నా బావికే వంక పెడతావా! నాకేమైనా అయిందా? చూడండి!" అని వీపు మీద పెంకులు చూపించి, గబుక్కున చుట్టుకుపోయాడు. అందరూ అతని మాటే నమ్మారు.

మర్నాడు చెంగమ్మ తన కూతురు తుర్రిని ఎత్తుకొచ్చింది. "మామా, నా బిడ్డ పాలు మానింది. తొలి గుక్క పట్టు" అంది. ఆకుదొప్ప నిండా నీళ్లు తెచ్చారు.

"ఈ దొప్పకు చిల్లుందమ్మాయ్" అన్నాడు గుల్లయ్య. ఇంకో దొప్ప తెచ్చారు.

"పిల్ల కళ్లలో ఎండ పడుతోంది" అన్నాడు. ఏనుగు వచ్చి అడ్డం నిలబడింది.

"పిల్లకు ఎక్కిళ్లొస్తున్నాయి కదా..."

"నీళ్లు తాగితే అవే పోతాయి మామా!" అంది చెంగమ్మ.

తుర్రి బుల్లినోరు తెరిచింది. గుల్లయ్య చేతిలోని దొప్ప ఆ చిన్ని పెదవులకు తగలబోయింది. అంతలో అతను దొప్పలోని నీళ్లన్నీ నేల మీద పారబోసి, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించాడు.

"దీనికి పట్టకు చెంగమ్మా! ఇవిగో నా మచ్చలు. నా బావికి చెడ్డపేరొస్తుందని ఏడాదిగా దాచాను."

ఆ పొట్ట చూడడానికి అందరూ ఎంత ముందుకు వంగారంటే, వాళ్లతో పాటు చెట్లు కూడా ఒరిగాయి.

"ఏడాదా! తెలిసి కూడా నాచేత ఏడాది తాగించావా!" అంటూ చెంగమ్మ గరుకు చేత్తో ఒక్కటిచ్చింది. పెంకుల గలగల ఏడు కొండలు దాటింది. తర్వాత బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది. "దీన్నైనా దక్కించావు మామా" అంది.

ఆ రోజే గుల్లయ్య బావి చుట్టూ ఎర్రమన్ను పూశాడు. అందరూ మేకలతో పాటు కొండ మీది నీళ్లకు నడిచారు. తొలకరి లోపల గుల్లయ్య వాననీళ్లకు పెద్ద గుంట తవ్వి, ఆకులతో కప్పు వేశాడు. మచ్చలు వెంటనే పోలేదు. కొన్ని వెలిసిపోయాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. కొమ్ములు రానందుకు బోడయ్య రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు ఆరు రోజుల తిండి తిన్నాడు. తుర్రి మాత్రం మెత్తని అరచేతులతో కొమ్మ కొమ్మకూ తుర్రుమంటూ పెరిగింది.

కొత్తవాళ్లెవరైనా దాహంతో ఎర్రబావి దగ్గరికి వస్తే, గుల్లయ్య పరుగున ఎదురెళ్లేవాడు. చుట్టుకునేవాడు కాదు, తల ఎత్తి చెప్పేవాడు.

"ఈ బావి తవ్వింది నేనే. అందుకే చెబుతున్నా, తాగకండి!"

నీతి: తేటగా ఉన్నాయని నీళ్లను నమ్మకండి, పరీక్ష చేయించి తాగండి. కీడు ఉందని అనుమానం వచ్చిన రోజే నోరు విప్పి చెప్పండి.