ఎరగనన్న మాట

అనగనగా ఒక రాజుగారు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే కథ ఇక్కడే పడుకుంటుంది! కడగొట్టువాడి పేరు హేమకేతుడు. పుట్టగానే తల్లి పోతే ఓబులమ్మ అనే దాది పెంచింది. ఆ కోటలో ఒక ఆచారం ఉంది. విషం కలిపారేమోనని, రాజకుమారుడి కంచంలో తొలిముద్ద దాదే తినాలి. తిని, కాసేపాగి, తనకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు "తిను నాయనా" అనాలి. పదేళ్లపాటు పిల్లాడు అలాగే పెరిగాడు.

పెద్దయ్యాడు. ఓబులమ్మ తన ఊరు వెళ్లిపోయింది. ఒకనాడు పొరుగుదేశపు రాజకుమారి మంజులవల్లి తండ్రితో కలిసి పెళ్లిమాటలకి వచ్చింది. సంగతి తెలిసి ఓబులమ్మ నువ్వుండలు మూటగట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నిండు సభలో, "మా చిట్టితండ్రీ! ఎంతవాడివయ్యావురా!" అంటూ నువ్వులు అంటిన చేతులతోనే బుగ్గలు పుణికింది. అతిథులు ముసిముసిగా నవ్వారు.

"ఎవరీ ముసలిది?" అన్నాడు మంజులవల్లి తండ్రి.

"నేనెరగను," అన్నాడు హేమకేతుడు.

అన్నాడర్రా! నోరెలా వచ్చిందో! రాజుగారు జబ్బుపడి లోపల ఉన్నారు గానీ, అక్కడుంటే చెవి మెలేసేవారే. ఓబులమ్మ మూట అక్కడే పెట్టి వెనక్కి తిరిగింది. గుమ్మం దాటిందో లేదో, ఆకాశంలోంచి ఒక మాంత్రికుడు దిగాడు. "ఎరగనన్న మనిషి నాది!" అంటూ ఆమెని చిలకని చేసి ఏడు సముద్రాల అవతలికి పట్టుకుపోయాడు.

గుమ్మం వైపు చూస్తున్న హేమకేతుడొక్కడే అది చూశాడు, తల కొట్టేసినట్టయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె ఎవరో కూడా చెప్పాలిగా! అతిథులతో "వారంలో వస్తాను, ఉండండి" అని మాత్రం చెప్పి, నువ్వుండల మూట చంకనపెట్టుకుని సముద్రం ఒడ్డుకి పోయాడు.

అక్కడో ముసలి తాబేలు. ఒక నువ్వుండ పెడితే వీపెక్కించుకుంది. రెండు సముద్రాలు దాటాక, "ఎవరికోసం నాయనా ఈ ప్రయాణం?" అనడిగింది.

"ఎవరో దాసీదానికోసం."

తాబేలు కుంగింది. అతని మోకాళ్లదాకా నీళ్లొచ్చాయి. "అబ్బ, బరువెక్కావయ్యా!" అంది. నాలుగు దాటాక మళ్లీ అడిగింది.

"తెలిసినావిడ కోసం."

మెడదాకా నీళ్లు. ఆరు దాటాక మూడోసారి అడిగింది. ఉప్పునీళ్లు నోట్లోకి పోతుంటే, "మా అమ్మకోసం! నన్ను పెంచిన అమ్మకోసం!" అని భోరుమన్నాడు. తాబేలు బెండులా పైకి తేలింది. "ఈ మాట నాతో అంటే ఏం లాభంలే," అని గొణిగింది.

మాంత్రికుడి కోటలో మూడువందల చిలకలున్నాయి. "నీ మనిషి ఏ చిలకో మూడుసార్లలో చూపించు. మూడూ తప్పితే నువ్వూ చిలకవే," అన్నాడు మాంత్రికుడు.

హేమకేతుడు చూశాడు, చూశాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఓబులమ్మ కళ్లు ఎలా ఉంటాయి? ముద్ద పెట్టిన చెయ్యి గుర్తుంది గానీ, ఆ ముఖం ఏనాడైనా సరిగ్గా చూస్తేగా! సిగ్గుతో చచ్చిపోయాడు. ఒకదాన్ని చూపించాడు, కాదు. ఇంకోదాన్ని చూపించాడు, అదీ కాదు.

"అలిసిపోయావు, తిని ఆలోచించు," అంటూ మాంత్రికుడు పాయసం గిన్నె ముందుపెట్టాడు. ఆకలిమీద గిన్నె ఎత్తాడో లేదో, తోక ఊడిన బక్కచిలక ఒకటి రివ్వున వచ్చి, అతని చేతిమీద వాలి, తొలిగుక్క తనే తాగింది. కాసేపాగింది. తల వాల్చేసింది.

"ఓబులమ్మా!" అని గిన్నె విసిరికొట్టి చిలకని గుండెలకి హత్తుకున్నాడు. తను ఎరగనన్నా ఆమె ఆ అలవాటు మానలేదు. ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు పిచ్చివాడికి.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "గుర్తుపట్టావు, తీసుకుపో! నా ప్రాణం చిలకలో ఉందనుకుంటారు అందరూ. కాదోయ్, ఎరగనని మీరన్న ఆ మాటలో ఉంది. ఏ సభలో అన్నావో ఆ సభలోనే, పొద్దుగూకేలోగా ఆ మాట వెనక్కి తీసుకో. లేకపోతే చిలక చస్తుంది. ఒక్కడు తీసుకున్నా నేను పోతాను. కానీ ఇన్నేళ్లలో ఒక్కడూ తీసుకోలేదు!"

తాబేలు ఆ రోజు తాబేలులా ఈదలేదు, గుర్రంలా ఈదింది. సభ నిండుగా ఉంది. చిలక కాళ్లు చల్లబడుతున్నాయి. మంజులవల్లిని చూసి హేమకేతుడు తల దించుకున్నాడు. చెబితే పరువు పోతుంది, పెళ్లీ పోతుంది. చిలక రెక్క ఒక్కసారి కదిలింది.

"ఆ రోజు అబద్ధమాడాను," అన్నాడు. "ఈవిడ ఓబులమ్మ, నన్ను పెంచిన అమ్మ. నేను తినే ప్రతి పూటా తొలిముద్ద తన ప్రాణం ఒడ్డి తనే తింది. ఎరిగుండీ ఎరగనన్నాను. మీరు నవ్వుతారని."

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడు ఫట్‌మని పేలిపోయాడు. అక్కడి చిలకలన్నీ మనుషులైపోయాయి. వాళ్లందర్నీ తాబేలే విసుక్కుంటూ ఇవతలికి చేరేసింది లెండి. హేమకేతుడి చేతుల్లోని చిలక మళ్లీ ఓబులమ్మయి, కళ్లు తెరిచి, "తిన్నావా నాయనా?" అంది. అతను ముఖం కప్పుకుని ఏడ్చాడు.

మంజులవల్లి తండ్రి విసురుగా లేవబోయాడు. "కూర్చోండి నాన్నగారూ," అంది మంజులవల్లి. "ఎవరీ ముసలిది అని అడిగింది మీరేగా." తర్వాత ఓబులమ్మ దగ్గరికి వచ్చి, "అవ్వా, నాకూ ఒక నువ్వుండ పెట్టవూ?" అంది.

ధూంధాంగా పెళ్లి చేశారు. మామగారి రాజ్యం కూడా అతనికే వచ్చింది, నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. అయితే పెళ్లిభోజనాల దగ్గర ఏమైందో విని మరీ నిద్రపోండి. ఓబులమ్మ అలవాటుగా అతని విస్తట్లోకి చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా పక్కన కూర్చోబెట్టి, ఆమె విస్తట్లో తొలిముద్ద తను తిన్నాడు. కాసేపాగాడు.

"తినమ్మా," అన్నాడు.