నీలవేణి తప్పు లెక్క

అనగా అనగా, రైళ్ళు ఆగకుండా పోయే ఒక చిన్న ఊళ్ళో నీలవేణి అని ఓ పిల్ల ఉండేదమ్మా. అమ్మా నాన్నా జ్వరాలొచ్చి పోతే, మేనమామ సోమలింగం ఇంటికి చేరింది. ఆ ఇంట్లో మామయ్య, అత్తయ్య, వాళ్ళ కొడుకులు గవర్రాజు, చిన్నబ్బి.

సోమలింగానికి ఒకటే బెంగ, కొడుకుల బుర్రలు మందమని. ఆలోచించి ఆడే ఆటలు కొనిపెడితే పదునెక్కుతాయని ఎవరో చెప్పారు. అప్పుడు సంచీ పట్టుకోవడానికి నీలవేణిని వెంటబెట్టుకుని పట్నం వెళ్ళాడు.

"పిల్లలెంతమందండీ?" అనడిగాడు దుకాణం ఆయన.

"ఇద్దరు" అన్నాడు సోమలింగం.

దుకాణం ఆయన నీలవేణి వంక చూశాడు. నీలవేణి నేల వంక చూసింది.

అలా పులీ-మేకా పలక ఇంటికొచ్చింది. ఒకడు పులి, ఒకడు మేకలు. నీలవేణి పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూసేది. చూసి చూసి, పులిని ఎలా కట్టెయ్యాలో తనలో తనే నేర్చేసుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత మామయ్య ఇంకో ఆట తెచ్చాడు. రంగు బిళ్ళల్ని గెంతించుకుంటూ అవతలి గట్టుకి చేర్చాలి. నలుగురు ఆడచ్చు. మామయ్య, అత్తయ్య, ఇద్దరు కొడుకులు, సరిగ్గా సరిపోయారు. ఒకనాడు పాలు పొంగుతున్నాయని అత్తయ్య లేస్తూ, "నా బదులు కాసేపు కూర్చోవే" అంది.

నీలవేణి కూర్చుంది. అందరికంటే ముందు తన బిళ్ళలన్నీ గట్టెక్కించేసింది. గవర్రాజు బిళ్ళలు విసిరికొట్టి ఏడ్చాడు.

మామయ్య ఆ పిల్లని పల్లెత్తు మాటనలేదు. బిళ్ళలు డబ్బాలో పోసి, డబ్బా అటకెక్కించాడంతే. ఆ పూట నీలవేణితో ఎవరూ మాట్లాడలేదు. అన్నానికీ పిలవలేదు.

అప్పుడు మామయ్య మూడోసారి దుకాణానికి వెళ్ళాడు.

"బుర్రతో పనిలేని ఆట ఏదన్నా ఇవ్వండి."

"అయితే వైకుంఠపాళీ తీసుకెళ్ళండి. గవ్వలెలా పడితే అలాగే."

ఈసారి నీలవేణిని కూడా ఆటకి రమ్మన్నారు. ఏం చేస్తాం తల్లీ, గవ్వలు ఆ పిల్లకే పడ్డాయి! నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి పైకెళ్ళిపోయింది. గవర్రాజు మూతి బిగుసుకుంది. మామయ్య దగ్గాడు. నీలవేణి ఆ మొహాలు చూసింది. అటక వంక చూసింది. ఆరు పడితే ఐదు గడులే లెక్కపెట్టి, కాయని తీసుకెళ్ళి పెద్ద పాము నోట్లో పెట్టింది.

ఇల్లంతా ఒకటే నవ్వు! "పిచ్చి మొద్దు, లెక్కే రాదు దీనికి" అంటూ మామయ్య తల నిమిరాడు. అమ్మ పోయాక ఆ తల మీద పడిన మొదటి చెయ్యి అదే. నీలవేణి కూడా నవ్వింది.

ఆ తర్వాత రోజూ పిలిచేవారు, "రావే వేణీ, నువ్వు లేకపోతే ఆటేముంది" అని. రోజూ తప్పు లెక్కపెట్టేది. రోజూ నవ్వేవారు. ఆ వేసవంతా అలా గడిచింది.

బళ్ళు తెరిచారు. నీలవేణి జడలేసుకుని, పలక పట్టుకుని, గవర్రాజు వెనకాల గుమ్మంలో నిలబడింది.

"గడులు లెక్కపెట్టడం రానిదానికి బడెందుకే?" అన్నాడు మామయ్య. "అత్తయ్యకి సాయంగా ఇంట్లో ఉండు."

"నాకు లెక్కలొచ్చు మామయ్యా" అంది నీలవేణి.

అందరూ నవ్వారు. రోజూ నవ్వినట్టే, ముద్దుగానే నవ్వారు. నవ్వుతూనే అత్తయ్య ఆ పలక అందుకుని చిన్నబ్బి సంచీలో పెట్టింది.

అంతేనమ్మా. ఇంకేం లేదు.

కథేమో కంచి దారి పట్టింది,
నా తల్లి కళ్ళకి నిద్ర పట్టింది.