పిన్ను గుచ్చని హెడ్‌ఫోను

కొండమాస్టారు మూడోసారి కూడా "ఇంకా అవ్వలేదురా" అనేసరికి పైడిరాజుకు ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో పైడిరాజు. పోస్టర్ల మీద మాత్రం డీజే పీ-రాజ్. పెళ్ళి ఊరేగింపుల్లో పాటలు పెట్టడంతో మొదలై, కంప్యూటర్ మీద సొంతంగా డ్యాన్స్ సంగీతం కట్టేదాకా వచ్చాడు. ఇప్పుడు రుషికొండ దగ్గర జరిగే బీచ్ పండుగలో ఆఖరి గంట అతనికే ఇస్తామంటున్నారు. పదివేల మంది జనం. ఆ గంట బాగా గడిస్తే పైడిరాజు ఇక ఊరేగింపు బండి ఎక్కాల్సిన పనే ఉండదు. పండుగవాళ్ళు పెట్టిన మెలిక ఒక్కటే, అతని కొత్త పాటకు కొండమాస్టారు సరే అనాలి.

మాస్టారంటే సామాన్యుడు కాదు. పాతికేళ్ళు విశాఖలో ఆయన పాట పెడితే కాలు కదపనివాడు లేడని చెప్పుకుంటారు. ఎనిమిదేళ్ళ కిందట స్టేజీ మానేసి, జాలారిపేటలో స్పీకర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. మనిషి కొంచెం తిక్క. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఫోను ఎత్తరు, మెసేజి పెట్టమంటారు. ఎంతటివాడైనా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చునే మాట్లాడాలి. అంత పేరొచ్చాక ఆమాత్రం పొగరుండదా అని జనం సరిపెట్టుకున్నారు.

పైడిరాజు సరిపెట్టుకోలేకపోయాడు. ఆ పాట కోసం మూడు వారాలు తిండీ నిద్రా మానుకున్నాడు. ఆయనేమో హెడ్‌ఫోను తగిలించుకుని, నేల చూపులు చూస్తూ కూర్చుని, చివర్లో ఆ ఒక్క ముక్క అంటారు. ఎందుకో చెప్పరు. అసలు వింటున్నారా? శిష్యుడు పైకొస్తాడని కుళ్ళేమో! అనుమానం పెనుభూతమంటారు. తెల్లారేసరికి అది పైడిరాజు నెత్తికెక్కి కూర్చుంది.

పొద్దున్నే కొట్టుకు వెళ్ళాడు. బయట చేపల వేలం కేకలు హోరెత్తుతున్నాయి. మాస్టారి ఎదురుగా కూర్చుని, "పాట మార్చి తెచ్చాను మాస్టారూ, ఇంకొక్కసారి వినండి" అన్నాడు. నిజానికి ఒక్క దరువు కూడా మార్చలేదు.

ఎప్పటిలాగే రెండు హెడ్‌ఫోన్లు తీశాడు. తనదాని పిన్ను లాప్‌టాప్‌కు గుచ్చాడు. మాస్టారిదాని పిన్నును మాత్రం ఎవరూ చూడకుండా లాప్‌టాప్ కిందకు తోసేశాడు.

పాట మొదలైంది. పైడిరాజు చెవుల్లో సముద్రం పొంగినంత హోరు. మాస్టారి చెవుల్లో ఏమీ లేదు. అయినా ఆయన తల కొద్దిగా ఊపుతూ నేలకేసి చూస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి తలెత్తి గోడ గడియారం చూశారు. దొరికాడు దొంగ, అనుకున్నాడు పైడిరాజు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

పాట అయిపోయింది.

"ఎలా ఉంది మాస్టారూ? ఈసారి ఎక్కడ బాగోలేదో చెప్పాల్సిందే."

మాస్టారు హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మూడో నిమిషం దాకా నీ పాటేరా. ఆ తరవాతది నీది కాదు. ఎక్కడిదో తెచ్చి అతికించీసినావు."



అది నిజం. మూడో నిమిషం తర్వాత ఏం చెయ్యాలో తోచక, ఇంటర్నెట్‌లో రెడీమేడ్ ముక్క ఒకటి కొని అతికించాడు. అతుకు కనబడకుండా మోత పెంచేశాడు. ఆ సంగతి కన్నతల్లికి కూడా తెలియదు. దొంగను పట్టుకుందామని వచ్చి తానే దొరికిపోయాడు.

లాప్‌టాప్ కింది పిన్ను పైకి తీసి చూపించాడు.

"ఇందులో... పాటే రాలేదు మాస్టారూ."

మాస్టారు కోప్పడలేదు. ఆ పిన్ను అందుకుని తానే లాప్‌టాప్‌కు గుచ్చారు. మళ్ళీ పాట పెట్టి, మోత ఎంత పెరుగుతుందో అంతా పెంచి, హెడ్‌ఫోను తలకు తగిలించుకున్నారు. ఎదురుగా ఉన్న పైడిరాజుకే చెవులు గింగురుమన్నాయి. మాస్టారి రెప్ప కూడా అదరలేదు.

"ఇప్పుడూ అంతేరా. ఎనిమిదేళ్ళై అంతే."

పిలిస్తే పలకకపోవడం, ఫోను ఎత్తకపోవడం, ఎదురుగా కూర్చోమనడం, అన్నీ ఒక్కసారిగా పైడిరాజు కళ్ళ ముందు తిరిగాయి. పాతికేళ్ళు పెద్ద స్పీకరు బాక్సుల పక్కన నిలబడ్డ మనిషి! ఊరంతా పొగరనుకుంది. తానైతే కుళ్ళనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మరి ఎలా..." అన్నాడు. ఆయన తన పెదాలకేసి చూస్తున్నారని ఇప్పుడు తెలిసింది. మెల్లగా, విడమరిచి మళ్ళీ అన్నాడు. "మరి ఎలా తెలిసింది మాస్టారూ?"

మాస్టారు హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టారు. చెయ్యి చాచి, అరచెయ్యి పైడిరాజు మోకాలి మీద ఆనించారు.

"నువ్వు హెడ్‌ఫోను పెట్టుకుని విను."

పాట మొదటినుంచి మొదలైంది. పైడిరాజు తన మోకాలు ఆడుతుందని ఏనాడూ గమనించలేదు. ఇప్పుడు దానితోపాటు మాస్టారి చెయ్యి కూడా లేచి పడుతోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ముసలాయన మొహంలో పండుగ వెలుగు.

మూడో నిమిషం వచ్చింది. మోత రెట్టింపైంది.

మోకాలి మీద మాస్టారి చెయ్యి కదలకుండా ఉండిపోయింది.

కాసేపు చూసి, ఆయన మెల్లగా చెయ్యి తీసేసుకున్నారు.

పైడిరాజు హెడ్‌ఫోను తీసేసరికి అతని ఫోను మోగింది. బీచ్ పండుగవాళ్ళు. "ఏమన్నారండీ మాస్టారు? పోస్టర్ మీద మీ పేరు వేసెయ్యమంటారా?"

పైడిరాజు ఫోను చెవికి ఆనించుకుని, మాస్టారికి తన మొహం బాగా కనబడేలా సరిగ్గా ఎదురుగా తిరిగాడు.

"ఇంకా అవ్వలేదండీ" అన్నాడు.