కెప్టెన్ ఇంట్లో రెండు కూరలు

కెప్టెన్ భైరవమూర్తి ఇంట్లో రోజూ రెండు కూరలు వండుతారు. అందులో వింతేమీ లేదు. ఆ భార్యాభర్తలిద్దరూ ఏనాడూ ఒకే కూర తినరు, అదీ వింత. రాజ్యలక్ష్మిగారు వంకాయ వడ్డించుకుంటే ఆయన బెండకాయ. ఆయన చెయ్యి ముందుగా వంకాయ మీద పడితే ఆవిడ మారు మాట్లాడకుండా బెండకాయ గిన్నె తనవైపు లాక్కుంటుంది. విమానం నడిపే ఇద్దరూ ఒకే భోజనం చెయ్యకూడదన్నది ఆ వృత్తిలో పాత కట్టుబాటు. తిండి వికటించి ఒకరు పడిపోతే రెండోవారు నిటారుగా కూర్చుని ఉండాలి. కెప్టెన్ ముందు ఎంచుకుంటాడు, మిగిలింది పక్క సీటువాళ్ళది. భైరవమూర్తి విమానం దిగి చాలాకాలమైంది. కట్టుబాటు కూడా ఆయనతోపాటే దిగి ఇంటికొచ్చేసింది.

ఎవరైనా పెళ్ళికి పిలిస్తే ఇంకా విడ్డూరం. వధూవరుల మీద అక్షింతలు వేసి, తిన్నగా పందిరి వెనక్కి, గాడిపొయ్యిల దగ్గరికి వెళ్తాడు. నూనె డబ్బాలూ నీళ్ళ డ్రమ్ములూ వంటవాళ్ళ చేతులూ చూసి వచ్చాక గాని పంక్తిలో కూర్చోడు. శిష్యురాలు హిమజ పెళ్ళిలోనూ అదే పని చేశాడు. పెళ్ళికూతురి మేనమామకు చిర్రెత్తుకొచ్చింది. “మేం విషం పెడతామనుకున్నాడా ఏం?” అన్నాడు. వెనక ఏ లోపమూ కనపడలేదు. తిరిగొచ్చిన కెప్టెన్ పనసపొట్టు కూర మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని, వడ్డించేవాళ్ళే విసుక్కునేటంత తృప్తిగా తిన్నాడు. “లోకం ఈయన్ని అనుమానప్పక్షి అంటుంది. పాపం, ఏ పక్షీ ఇంత అనుమానంతో ఎగరదు” అంటుంది రాజ్యలక్ష్మిగారు.

ఆ హిమజ ఒక శనివారం పొద్దున బేగంపేటలో ఆయన ఇంటికి వచ్చింది. ఆయన చేతికింద శిక్షణ పొంది, ఇప్పుడు నీలాచల ఎయిర్‌వేస్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉంది. అంటే కుడి సీటు. ఎడమ సీటు కెప్టెన్‌ది. ఆ సీటుకు నీ వరస వచ్చిందని కంపెనీ ఇప్పటికి రెండుసార్లు చెప్పింది. కొత్త విమానాలు రాలేదంటూ రెండుసార్లూ వాయిదా వేసింది. ఈలోగా ప్రభాత్ ఎయిర్ అని కొత్త కంపెనీ వెలిసింది. ఏడాది తిరక్కుండా ఎడమ సీటు ఇస్తామని రాసింది. సోమవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమంది.

“వెళ్ళనా, ఉండనా సార్?” అని అడిగింది హిమజ.

మాట చిన్నదే గాని దాని వెనక ఒక సంసారం ఉంది. పైలట్ డ్యూటీకి పొద్దూ మాపూ లేదు. అందుకే పాప పుట్టాక భర్త కౌశిక్ లెక్చరర్ ఉద్యోగం వదిలేసి ఇంటిపట్టున ఉండిపోయాడు. ఇల్లు ఆమె జీతం ఒక్కదాని మీదే నడుస్తోంది. ఈ వృత్తిలో కంపెనీ మారితే పాత సీనియారిటీ వెంట రాదు. వెళ్ళినచోట క్యూలో అందరికన్నా వెనక నిలబడాలి. ఏ కారణం చేతనైనా ఆ కంపెనీ చతికిలపడితే, మళ్ళీ ఇంకోచోట, ఇంకో క్యూలో, అందరికన్నా వెనక. పాలకు నోరు కాలినవాళ్ళు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతారు. రెండుసార్లు నోరు కాలినామె, మూడోసారి ఎవరు ఏమి పోసినా ముందు గిన్నె అడుగు చూస్తోంది.

“ఎవరినైనా అడిగావా?” అన్నాడు భైరవమూర్తి.

“అడగని వాళ్ళు లేరు సార్. కెప్టెన్ తారకేశ్ నీలాచల వదిలి ప్రభాత్‌కి వెళ్ళారు కదా, కళ్ళు మూసుకుని వచ్చెయ్యమంటున్నారు.”

“కళ్ళు మూసుకునా? ఒక పైలట్ ఇంకో పైలట్‌కి చెప్పే మాటేనా అది?”

హిమజ నవ్వలేదు. “మా మేనేజరేమో ప్రభాత్ ఆర్నెల్లు కూడా నిలవదంటున్నారు. నా మంచికోరి చెబుతున్నారో, నేను పోతే డ్యూటీలకు మనిషి దొరకడని చెబుతున్నారో తెలీదు. తారకేశ్ గారికి మనిషిని చేర్పిస్తే ఏమైనా ముడుతుందేమో, అదీ తెలీదు.”

“ఇంకా ఎవరి మీద అనుమానం?”

ఆమె ఎదుటి గోడ వైపు చూసింది. అక్కడ కొత్త గడియారం ఉంది. దాని మధ్యలో నారింజరంగు సగం సూర్యుడు. అది ప్రభాత్ ఎయిర్ గుర్తు. భైరవమూర్తి ఆమె చూపు వెంట తన చూపును పంపి, నిదానంగా వెనక్కి తెచ్చుకున్నాడు.

“రేపు మధ్యాహ్నం భోజనానికి రా. తారకేశ్‌ని కూడా పిలుస్తాను” అన్నాడు.

మెట్లు దిగుతూ హిమజ ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. గోడ మీది గడియారం సంగతి కూడా దాచలేదు. కౌశిక్ అంతా విని, “బాగుంది. సంబంధం ఎలాంటిదని అడిగితే పెళ్ళిళ్ళ పేరయ్యనే సాక్ష్యానికి పిలుస్తున్నాడన్నమాట మీ గురువు” అన్నాడు. ఆమెకూ అదే అనిపించింది. గురువును అనుమానించడం మహాపాపమని పెద్దవాళ్ళు అంటారు. కాని ఈ గురువు నేర్పిన విద్యలో సగం అనుమానించడమే.

మర్నాడు బల్ల మీద గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, పప్పు, పచ్చిపులుసు ఉన్నాయి. తారకేశ్ భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. కుర్చీలో కూర్చుంటూనే వంకాయ గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. హిమజ చెయ్యి దానంతటదే దొండకాయ వైపు వెళ్ళింది.

“అదేమిటే, నీకు వంకాయ ఇష్టం కదా?” అంది రాజ్యలక్ష్మిగారు.

“కెప్టెన్ గారు తీసుకున్నారు కదా ఆంటీ.”

“చూశారా మేడమ్! ఇంకా కొన్నాళ్ళు అక్కడే ఉంటే ఈ అమ్మాయి వంకాయ రుచే మరిచిపోతుంది” అని తారకేశ్ పెద్దగా నవ్వాడు. “ఏం హిమా, ఇంకా ముహూర్తం కుదర్లేదా? మా విమానాల్లో కొత్త వాసన కూడా పోలేదు. నీలాచలలో నీకు ఎడమ సీటు వచ్చేసరికి ఎడమ మోకాలు అరిగిపోతుంది.”

“మీరు చేరినప్పుడు చెప్పిన మాటలన్నీ నిలబెట్టుకున్నారా సార్?”

“అక్షరం పొల్లు పోకుండా. జీతం ఒకటో తారీఖునే పడుతోంది. సెలవు అడిగితే సెలవు. పిలిచి మరీ మర్యాద చేస్తున్నారు. అబద్ధమైతే ఈ అన్నం మీద ఒట్టు.”

ఒట్టు పెట్టుకున్న అన్నాన్నే అతను అంత ఇష్టంగా కలుపుకుంటుంటే హిమజకు ఎక్కడా మెలిక కనపడలేదు. కనపడకపోవడమే ఆమెకు మెలికలా తోచింది. భైరవమూర్తి కంపెనీల ఊసే ఎత్తలేదు. తనకింత పప్పు వడ్డించుకుని, “వసుంధర రాలేదేం?” అన్నాడు.

వసుంధర తారకేశ్ భార్య. ఆవిడా కెప్టెనే. హిమజ ఎన్నోసార్లు ఆవిడ పక్క సీట్లో కూర్చుని ప్రయాణికులను తీసుకెళ్ళింది.

“కోల్‌కతా డ్యూటీ సార్. ఆదివారం పూట కూడా వదల్లేదు.”

“ప్రభాత్ అప్పుడే కోల్‌కతా దాకా వెళ్తోందా?”

“ప్రభాత్ ఎక్కడ సార్, నీలాచల డ్యూటీ.”

“ఓహో. ఇంకా అక్కడే ఉందా?”

“అక్కడే ఉంటుంది సార్. మీరు నేర్పిన పాఠమే కదా!” తారకేశ్ వంకాయ ముక్క తుంచుతూ హుషారుగా చెప్పాడు. “ఇద్దరు పైలట్లు ఒకే భోజనం చెయ్యకూడదు. నాది తేడా చేస్తే తనది ఉంటుంది, తనది తేడా చేస్తే నాది ఉంటుంది. పిల్లల ఫీజులు ఆగవు. మేం హాయిగా నిద్రపోతాం.”

రాజ్యలక్ష్మిగారు నవ్వింది. తారకేశ్ నవ్వాడు. హిమజ నవ్వు మొదలుపెట్టి సగంలో మరిచిపోయింది. ముద్ద కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మేమందరం వచ్చేశాం, నువ్వే మిగిలావు అని ఇన్నాళ్ళూ తారకేశ్ ఫోన్లో పదేపదే అంటుంటే, ఆ అందరిలో వసుంధర కూడా ఉందనుకుంది. ఆవిడ ఇవాళో రేపో రాజీనామా ఇస్తుందనుకుంది. అతను ఆ మాట అననూ లేదు, ఈమె అడగనూ లేదు. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. ఇది అబద్ధం కాదు.

“మజ్జిగ పోసుకో తారకేశ్” అన్నాడు భైరవమూర్తి.

తారకేశ్ వక్కపలుకు నోట్లో వేసుకుని, హిమజ తలమీద పెద్దన్నలా చెయ్యి వేసి, “రేపు సాయంత్రం, మరిచిపోకు” అని చెప్పి వెళ్ళిపోయాడు. కారు సందు మలుపు తిరిగేదాకా ఆమె ఆగింది.

“ఆవిడ అక్కడే ఉందని మీకు ముందే తెలుసు కదా సార్?”

“నీకు మాత్రం తెలీదా? పోయిన వారం కూడా ఆవిడ పక్కనే కూర్చున్నావు.”

హిమజ, “అంటే ఆయన నన్ను ముంచాలని చూస్తున్నట్టేనా?” అంది.

“ఛ! తారకేశ్ మంచివాడు. పంక్తిలో ఒక్కడే కూర్చుని తినాలంటే ఎవరికైనా బెరుకే, పక్కన తెలిసినవాళ్ళు నలుగురుంటే బాగుండుననుకుంటాడు. భోజనం బాగుందన్నాడు, నిజంగా బాగానే ఉండి ఉంటుంది. కాకపోతే రెండు కంచాలున్నవాడు చెప్పిన రుచి అది.”

హిమజకు కౌశిక్ గుర్తొచ్చాడు. ఈపాటికి పాపకు అన్నం తినిపించి, నిద్రపుచ్చుతుంటాడు. తమ ఇంట్లో రెండో కంచం లేదని తెలియడానికి వెతకనవసరం లేదు.

“అయితే ఉన్నచోటే ఉండమంటారా?”

“అదీ ఒక్క కంచమే కదమ్మా.”

ఆ జవాబుతో ఆమెకు ఒళ్ళు మండింది. మంట పైకి తెలియనివ్వకుండా ఎంగిలి గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. రాజ్యలక్ష్మిగారు అప్పటికే మిగిలిన గుత్తివంకాయ ఒక డబ్బాలో సర్దుతోంది. “కౌశిక్‌కి కాదు, నీకే. నువ్వే తిను” అంది. గ్లాసులు తొట్టిలో పెట్టి వెనక్కి తిరిగిన హిమజకు తలుపు వెనక మేకుకు వేలాడుతున్న క్యాలెండరు కనపడింది. దాని నెత్తిన నీలిరంగు కొండ ఉంది. అది నీలాచల గుర్తు. క్యాలెండరు ఈ ఏడాదిదే. ముందు గదిలో సగం సూర్యుడు, వంటింట్లో నీలికొండ. నిన్నటినుంచి ఆమె ముందు గది మాత్రమే చూసి అనుమానపడింది.

డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి గురువు ఎదుట నిలబడింది.

“మీరిప్పుడు రెండు కంపెనీల వాళ్ళకూ పాఠాలు చెబుతున్నారా సార్?”

“చెబుతున్నాను. కొన్నాళ్ళు వీళ్ళకి, కొన్నాళ్ళు వాళ్ళకి.”

“అంటే మీకూ రెండు కంచాలేనన్నమాట.”

అనేశాక నాలుక కరుచుకుంది. భైరవమూర్తి ముఖంలో మాత్రం రెండు రోజులుగా కనపడని సంతోషం కనపడింది. చెయ్యి తిరిగిన శిష్యురాలు గాలివానలో విమానాన్ని సరిగ్గా దింపినప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది.

“అందుకే నిన్న నువ్వడిగితే రుచి చెప్పలేదు. ఇవాళ అడిగినా చెప్పను.”

“మరి ఒక్క కంచమే ఉన్నవాళ్ళు ఎవర్ని నమ్మాలి సార్? రేపు సాయంత్రంలోగా చెప్పాలి నేను.”

ఆయన ఆమెను గుమ్మందాకా సాగనంపాడు. ఆమె చెప్పులు వేసుకునేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వేరే సంగతేదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

“నీ పెళ్ళి భోజనం లాంటి భోజనం నేను మళ్ళీ చెయ్యలేదమ్మా. మీ మేనమామకు కోపమొచ్చింది గాని, పందిరి వెనక్కి వెళ్ళి నా కళ్ళతో చూసొచ్చాకే తిన్నాను కదా.”