ఉప్పుపొన్న పిల్లల్ని చంకనెందుకు మోస్తుంది?

ఒకప్పుడు ఉప్పుపొన్న కూడా అన్ని చెట్లలాగే చిన్న చిన్న గింజల్ని నేలమీద రాల్చేది. గోదావరి సముద్రంలో కలిసేచోట, పోటుకి మునిగి పాటుకి తేలే బురదలో ఉండే చెట్టు అది. గింజలు ఆ బురదలోనే మొలిచి, రెండేసి ఆకులేసుకుని, తల్లి కాళ్ళ దగ్గరే పెరిగేవి.

ఒక ఏడు పెద్ద తుఫానొచ్చింది. ఆ బురదతిప్ప మీద చెట్లన్నీ కొట్టుకుపోయి ఒక్క పొన్నతల్లే మిగిలింది. సముద్రం రోజూ తిప్పని కొంచెం కొంచెం కొరుక్కు తింటోంది. కొత్త మొక్కలు లేచి వేళ్ళతో బురదని పట్టుకుంటే తప్ప తిప్ప నిలవదు. అందుకని పొన్నతల్లి ఉన్న గింజలన్నీ రాల్చేసింది. నలభై మొలకలు లేచాయి.

అడవిపందులు ఊరుకుంటాయా? నీళ్ళు తీయగానే వచ్చి మొదటిరోజే ఏడు మొలకల్ని నమిలేశాయి. పొన్నతల్లి గొల్లుమంది.

తల్లి వేళ్ళ దగ్గర బొరియలో ఒక పీత ఉండేది. అది పైకొచ్చి, "ఏడవకక్కా. నేను లేనా?" అంది.

మర్నాడు పందిరాజు బురదలో మూతి పెట్టాడో లేదో, పీత తన కత్తెరడెక్కతో వాడి ముక్కు పట్టేసింది. "అమ్మో నా ముక్కు! పోయింది నా ముక్కు!" అని వాడు పరుగు. ఏం జరిగిందో చూడకుండానే మిగతా పందులూ పరుగు. పొన్నతల్లి చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఇక పీతని పట్టుకోగలమా! డెక్క పైకెత్తుకుని, మొలకల చుట్టూ అడ్డంగా తిరుగుతూ ఒకటే కాపలా.

ఆ తిప్ప మీదికి నూకాలు అనే ఆవిడ గుల్లలు ఏరుకోడానికి వచ్చేది. ఆవిడ పీతని చూసి, "ఒరే, ఒక్కడివీ ఎన్నాళ్ళని కాస్తావురా? ఇంట్లో పాత వలుంది. నాలుగు కర్రలు పాతి చుట్టూ కట్టేసి పోతాను" అంది.

పీతకి పౌరుషం వచ్చింది. "నా డెక్కలుండగా నీ చిరుగుల వలెందుకు పిన్నీ? పో, గుల్లలేరుకో."

"నీ ఇష్టం నాయనా. అడక్కుండా చెబితే అలుసే," అని నూకాలు బుట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

పొన్నతల్లికి వల కట్టించుకోవాలనే ఉంది. కానీ కాపలా కాసేవాణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకుంది.

మీకో సంగతి తెలుసా? పీతకి ఒళ్ళు పెరుగుతుంది గాని పైచిప్ప పెరగదు. బిగుసుకుపోయిన చిప్పని విడిచేసి కొత్తది తొడుక్కోవాలి. ఆ కొత్త చిప్ప నాలుగు రోజులపాటు తడిసిన అప్పడంలా మెత్తగా ఉంటుంది. డెక్కలూ అంతే.

చిప్ప విడిచే రోజు వచ్చిందని పీతకి తెలిసింది. అక్కతో చెబుదామని వెళ్ళింది. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, చెప్పకుండానే ఆగిపోయింది. మొన్ననేగా అన్ని కోతలు కోసింది! ఇప్పుడు పిన్నిని పిలిచి వల కట్టించమని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"నాలుగు రోజులే కదా. ఎవరికి తెలుస్తుందిలే," అనుకుని బొరియలోకి జారుకుంది.

మూడోరోజు పందులు వచ్చాయి.

"తమ్ముడూ! తమ్ముడూ!" పొన్నతల్లి కేక బొరియ లోపలికి వినిపించింది. పీత ఆగలేకపోయింది. మెత్తటి ఒళ్ళుతోనే పైకొచ్చి, ఉన్న బలమంతా పెట్టి పందిరాజు ముక్కు పట్టుకుంది. డెక్క మడతపడిపోయింది. వాడు కోప్పడలేదు, నవ్వలేదు. ముక్కు మీద ఎవరో ఉన్నారని కూడా వాడికి తెలియలేదు.

తీరిగ్గా ముప్పైమూడు మొలకలూ తినేసి పందులు వెళ్ళిపోయాయి. పోటు నీళ్ళొచ్చేసరికి తిప్ప మీద ఒక్క పచ్చటాకు లేదు.

పీత చెట్టు కింద చతికిలబడింది.

పొన్నతల్లి, "ఒక్కమాట చెప్పి ఉంటే నూకాల్ని పిలిచేదాన్ని కదరా తమ్ముడూ" అంది. "మెత్తబడ్డానంటే నేను నవ్వుతానా? ... నాదీ తప్పే. ఆరోజు వల కట్టమని నేనైనా అనాల్సింది. నోరు మూసుకున్నాను."

తిట్టి ఉంటే పీతకి కొంచెం బాగుండేది.

మరో ఏడు వచ్చింది. పొన్నతల్లి మళ్ళీ పూసింది, కాసింది. గాలి వచ్చి, "వేళైంది వదినా, గింజలు రాల్చు" అంది.

"రాల్చను. నేలమీద నిలబడే సత్తువ వచ్చేదాకా నా చంకనే ఉంటారు."

పీత కిందనుంచి మెల్లిగా పిలిచింది. "అక్కా, నా చిప్ప గట్టిపడింది. ఈసారి వల కూడా కట్టిద్దాం. నేను కాస్తాను."

"కాస్తావురా, నాకు తెలుసు. కానీ మళ్ళీ రాల్చడం నావల్ల కాదు."

గింజలు కొమ్మ మీదే మొలకెత్తాయి. మూరెడు పొడుగు పెరిగాయి. ఆ బరువుకి తల్లి కొమ్మలు వంగిపోయాయి. అయినా పట్టు వదల్లేదు. బాగా ముదిరాక ఒక్కొక్కటీ జారి, గునపం దిగినట్టు నిటారుగా బురదలో దిగింది. పందులొచ్చి వాసన చూశాయి. కొరికితే చేదు, నమిలితే పీచు. మూతి తిప్పుకుని వెళ్ళిపోయాయి.

తిప్ప నిలిచింది. కానీ పోటు మీద జారిన పిల్లలు బురదలో దిగకుండా నీళ్ళమీద తేలుతూ ఎటో వెళ్ళిపోయేవి. ఏ ఒడ్డున బతికాయో తల్లికి తెలిసేది కాదు. అన్నాళ్ళు చంకన మోసి, అలా చూస్తూ ఉండిపోయేది.

అప్పటినుంచే ఉప్పుపొన్న పిల్లలు తల్లి కొమ్మ మీదే మొలకెత్తి, పెద్దయ్యాకే కిందికి దిగుతాయి. అప్పటినుంచే పీత ఆ చెట్టు వేళ్ళ దగ్గరే బొరియ తవ్వుకుని, డెక్క ఎత్తుకుని, ఎవరూ అప్పగించని కాపలా కాస్తుంది. మీరు అటు వెళ్ళారంటే చటుక్కున లోపలికి పోతుంది. భయపడిందని నవ్వకండి, పాపం. ఎవరైనా ఆ మొలకల సంగతి అడుగుతారేమోనని దానికి ఇప్పటికీ సిగ్గు.