నొక్కని గడియారం

"అవతలివాళ్లు ఎత్తు వేసి గడియారం నొక్కడం మరిచిపోతే మనం గుర్తుచేయాలా మాస్టారూ? నియమాల్లో ఎక్కడా లేదు కదా," అని అడిగింది సరయు. మర్నాడు ఆమె జిల్లా చదరంగం పోటీల్లో ఆడబోతోంది. మార్కండేయులు మాస్టారు జవాబుగా తన ఇరవై ఆరో ఏట జరిగిన ఒక ఆట సంగతి చెప్పారు.

అది రాష్ట్ర పోటీల్లో ఆఖరి రౌండు. గెలిచినవారికి జట్టులో చోటు. ఎదుట తెల్లపావులతో కూర్చున్నది జకరయ్య గారు, రిటైరు కావడానికి ఏడాది ఉన్న లెక్కల టీచరు. ముప్పై ఏళ్లుగా ఆ చోటు కోసం ఆడుతున్న మనిషి. మార్కండేయులు సిసిలియన్ డిఫెన్సు ఎత్తుకున్నాడు. అప్పట్లో కుర్రకారంతా ఆడేది అదే. పేరుకు డిఫెన్సే గాని ఎదురుదాడికి దిగే ఆట. ఏనుగును వదులుకుని మరీ జకరయ్య గారి రాజు మీదికి వెళ్లాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, మంత్రిని మెల్లగా బోర్డు నడిమికి జరిపారు. దాడి అక్కడితో ఆగిపోయింది. ఆ తృప్తిలోనో, అలసటలోనో మీట నొక్కి తన గడియారం ఆపడం మరిచిపోయారు.

ఆయనకు మిగిలినవి ఆరు నిమిషాలు. అవి కరిగిపోతున్నాయి.

మార్కండేయులు నుదుటికి చేయి ఆనించి తల వంచాడు. వేళ్ల సందులోంచి గడియారాన్నే చూస్తున్నాడు. నాలుగు నిమిషాలు. మూడు. జకరయ్య గారు కదలకుండా కూర్చున్నారు. ఎదుటివాడి ఆలోచన చెదురుతుందని దగ్గు కూడా రుమాలులో అణుచుకున్నారు. 'నొక్కలేదండీ' అని ఒక్కమాట అంటే చాలు. అది నోటిదాకా వచ్చింది. మింగేశాడు. సమయం అయిపోయిందని చెప్పే చిన్న ఎర్రజెండా టక్కున పడింది. ఆట మార్కండేయులుది.

జకరయ్య గారు గడియారం వైపు చూశారు, తర్వాత తన చేతి వైపు. కాగితం మీద సంతకం చేసి, చేయి కలిపారు. లేవబోతూ, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు: "ఇంతసేపు ఆలోచించావు గదా బాబూ, నా మంత్రికి జవాబుగా ఏ ఎత్తు దొరికింది నీకు?"

సరయు ఆగలేకపోయింది. "మీరేం చెప్పారు మాస్టారూ?"

"జట్టులో చోటు వచ్చిందమ్మా," అన్నారు మాస్టారు. "ఆ ఎత్తు మాత్రం ఇంకా వెతుకుతున్నాను."